వాదనలో ఓడిపోదలచినవారికి సలహాలు

దేవుడు, డార్విన్, కోతి. ఈ మూడూ ఒకే కబుర్లలో దొర్లితే పెద్దలు రెండే దారులు చెప్తారు. మాట మార్చెయ్యడం, లేదంటే ఎదుటివాడి నోరు మూతపడేదాకా ఆధారాలు గుప్పించడం. నేను రెండూ వద్దంటాను. మాట మీరే ఎత్తండి. ఎత్తి, మొదట్లోనే ఓడిపోండి. నెల్లూరు కోస్తాలో మనుషులు పరిణామం గురించి నిజంగా ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఇంతకు మించిన పద్ధతి నాకు తెలియదు. ఒకసారి గెలిచినవాడి దగ్గర ఎవరూ మళ్లీ మనసు విప్పరు.

ఎక్కడ ఎత్తాలంటే, రొయ్యల గుంట గట్టు మీద. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఎక్కడైనా సరే. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగే వేళ చూసుకుని వెళ్లండి. నీళ్లు కారిపోయాక ట్రేలో రొయ్యలు చిటుక్కుమని ఎగురుతుంటాయి. రైతు ఒకదాన్ని పట్టి వెలుతురుకు ఎత్తి, వీపు వెంట పోయే పేగు నల్లగా నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, తెల్లబడిందా అని చూస్తాడు. తెల్లబడి ఉంటే ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అప్పుడు అడగండి, "పోయిన పంటకు పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచెయ్యలేదన్నా?" అని.

"దానికి అలవాటు పడిపొయ్యింది" అంటాడు. వెంటనే దిద్దకండి. ఏది అలవాటు పడిందో ఆయన్నే చెప్పనివ్వండి. మందు పడ్డప్పుడు గుంటలో ఉన్న విబ్రియో బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం చచ్చిపోయింది. అలవాటు పడడానికి వాటికి వ్యవధే లేదు. పుట్టుకలో వచ్చిన తేడా వల్లనో, పక్క బ్యాక్టీరియా నుంచి అందుకున్న గుణం వల్లనో ఆ మందును తట్టుకున్నవి కొన్ని మిగిలాయి. పోటీ లేని గుంటలో అవే పెరిగాయి. వాటికి ఒక్క రోజులోనే ఎన్నో తరాలు గడిచిపోతాయి కాబట్టి, ఈ పంటలో ఆయన పోరాడుతున్నది ఆ మిగిలినవాటి సంతానంతో. 1859లో డార్విన్ పుస్తకం రాసి చెప్పిన అసలు సంగతి ఇదే. యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే విదేశాల్లో కంటైనర్‌ని తిప్పి పంపేస్తారని ఆ రైతుకు తెలుసు. ఆ మందు గుంటలోనే తనకు ఎదురు తిరుగుతుందని కూడా తెలిస్తే దాని జోలికి పోకపోవడానికి ఇంకో కారణం దొరుకుతుంది. నేను ఈ మాట మీద ఇంతగా పట్టుబట్టేది అందుకే.

డార్విన్ పేరు మాత్రం ఎత్తకండి. పేరు వినగానే అది పార్టీల గొడవ అయిపోతుంది. దానికి బదులు టైగర్ రొయ్య రోజుల్ని గుర్తు చెయ్యండి. తల్లి రొయ్యల్ని సముద్రంలో పట్టి తెచ్చి హేచరీల్లో సీడ్ తీసేవాళ్లు. 1994-95లో వైట్ స్పాట్ రోగం వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. 2009లో అనుమతి వచ్చిన వనామి రొయ్య సంగతి వేరు. రోగాలు లేనివాటిని, త్వరగా పెరిగేవాటిని తరతరాలుగా ఏరి పెంచిన తల్లులవి, విమానంలో చెన్నై వచ్చి క్వారంటైన్‌లో ఉండి హేచరీలకు చేరతాయి. మనిషి కొన్ని తరాలు ఏరితేనే రొయ్య ఇంత మారింది. ఏరేవాడు లేకపోయినా బతుకూ చావూ కలిసి కోట్ల ఏళ్లు ఏరితే ఎంత మారుతుందో ఆయనే ఊహించుకుంటాడు.

"పరిణామాన్ని ఎవరు చూశారు?" అంటే కోపం తెచ్చుకోకండి. 2018లో కేంద్ర మంత్రి సత్యపాల్ సింగ్ కూడా, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. పరిణామాన్ని తన గుంటలోనే చూసినవాడు గట్టు మీద మీ పక్కనే నిలబడి ఉన్నాడు.

దశావతారాల మాట వస్తే ఒప్పుకోండి. అవును, ఒప్పుకోండి. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వీసీ నాగేశ్వరరావుగారు దశావతారాలు డార్విన్ కంటే మేలన్నప్పుడు దేశమంతా గోల చేసింది. కానీ చేప, తాబేలు, వరాహం, నరసింహం అనే ఆ వరస పరిణామాన్ని తలపిస్తుందని అంతకు ఎంతో ముందే గమనించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. పరిణామశాస్త్రాన్ని లెక్కల్లోకి తెచ్చిన ముగ్గురు ఉద్దండుల్లో ఒకడు, పైగా నాస్తికుడు. 1957లో మన దేశం వచ్చి ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వెళ్లింది. ఈ కథంతా చెప్పాక, ఒక అవతారం తర్వాత ఇంకొకటి ఎలా వచ్చిందని అడగండి. దేవుడు అనుకున్నాడు, వచ్చాడు అంటారు. గుంటలో మిగిలిన విబ్రియోకి అలా ఎవరైనా అనుకోవాల్సి వచ్చిందా? ఆ ప్రశ్న అక్కడే వదిలెయ్యండి.

అన్నం తినేటప్పుడు ఇలాంటివి మాట్లాడకూడదంటారు. నేనైతే చేపల పులుసు విస్తట్లో పడ్డాకే మాట్లాడమంటాను. మాటల్లో ఎవరికో ఒకరికి పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తిన తడతారు. మీరూ తట్టండి. దగ్గు తగ్గాక, గాలి పోయే గొట్టానికీ కూడు పోయే గొట్టానికీ గొంతులో ఒకే కూడలి దేవుడు ఎందుకు పెట్టాడో అడగండి. చేపల్లాంటి మన పూర్వీకుల్లో ఊపిరితిత్తి అన్నవాహిక నుంచే మొలిచింది. కడుపులోని పిండంలో ఇప్పటికీ అక్కణ్నుంచే మొలుస్తుంది. పాత ఇంటికే గది కలుపుకున్నారు తప్ప కొత్త ఇల్లు కట్టలేదు. పులికాట్‌లో ఫ్లెమింగో ముక్కు చూపించి ఎంత చక్కగా అమరిందో అనకండి. అద్భుతం చూపిస్తే జనం దేవుడికి దణ్నం పెడతారు. వాళ్లను ఆలోచనలో పడేసేది లోపమే.

"రాకెట్ ఎగరేసేవాళ్లే చెంగాళమ్మకు మొక్కుతారు, నువ్వెంత?" అనే మాట సూళ్లూరుపేటలో తప్పకుండా వస్తుంది. నిజమే. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగరడానికి ముందు ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ఆ గుడికి వెళ్లారు. ఖండించడం మాని, రమ్మంటే గుడికి మీరూ వెళ్లండి. అమ్మవారికి మొక్కిన వాళ్లెవరూ కౌంట్‌డౌన్‌లో ఒక్క పరీక్షా మానలేదు. గుంట దగ్గర కొబ్బరికాయ కొట్టిన రైతు కూడా సీడ్‌ని పీసీఆర్ టెస్టుకు పంపాకే వదులుతాడు. మొక్కుతో నాకు పేచీ లేదు. టెస్టు మానిపించే మొక్కు ఎదురైతే మాత్రం ఓడిపోవద్దు, గట్టిగా నిలబడండి.

2021 మేలో కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం బారులు తీరినవాళ్లను ఎగతాళి చేసినవాళ్లంటే నాకిప్పటికీ కోపమే. ఆక్సిజన్ మంచం దొరకని రోజులవి. ఆ బారుల్లో ఉన్నవాళ్లే "కొత్త వేరియంటంట" అని భయపడ్డారు. వైరస్ మారుతుందని, మారినది పాతదాన్ని నెట్టేసి వ్యాపిస్తుందని ఊరూరా మాట్లాడుకున్నారు. అదీ పరిణామం కబురే.

పిల్లలకైతే ఓపిగ్గా చెప్పండి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేసింది కాబట్టి ఈ కబుర్లే చాలామందికి బడి. "కోతి నుంచి మనిషొస్తే కోతులింకా ఎందుకున్నాయి?" అని వాళ్లు అడిగితే, నువ్వు మీ పెదనాన్న కొడుక్కి పుట్టావా అని అడగండి. ఇద్దరికీ తాత ఒక్కడే, కోతికీ మనకూ అంతే.

ఇక ఆఖరిది. మీ మీద గెలిచిన ఆ రైతు, బతికి మిగిలిన విబ్రియోల సంగతి పక్క గుంట రైతుకు తన మాటగా చెప్తుంటే, అది మీ నోటి నుంచి విన్నదేనని గుర్తు చెయ్యకండి.