‘ఏరియా’ శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: రేపు ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు మరమ్మతుల నిమిత్తం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఏరియాల్లో కరెంటు ఉండదు.

అవతారిక: వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చే ఇలాంటి వాక్యానికి కర్త ఎవరో తెలియదు. వేదం తర్వాత అపౌరుషేయమైనది ఇదొక్కటే.

ప్రతిపదార్థం: రేపు = రేపే, లేదా ఈ కబురు మీ ఫోనుకు చేరేసరికి నిన్న; 2 గంటల వరకు = దీపాలు పెట్టే వేళ దాకా; మరమ్మతుల నిమిత్తం = తీగలకు తగిలే కొమ్మలు కొట్టడానికి; కరెంటు ఉండదు = స్పష్టము; ఏరియాల్లో = ఇక్కడ టీకాకారుడు కళ్లజోడు సవరించుకోవాలి.

వ్యుత్పత్తి: ఏరు ఇయ్యనిది ఏరియా అని కొందరి మతం. హిందూపురం తట్టు పెన్న, ధర్మవరం తట్టు చిత్రావతి పారతాయని పటాలు చెబుతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఇసుకే కనబడుతుంది కాబట్టి ఈ మతానికి స్థానికంగా బలముంది. అయినా అది నిలవదు. శబ్దం లాటిన్‌ది, చదునైన ఖాళీ జాగా, నూర్పిడి కళ్లం అని దాని అర్థం. చెనక్కాయ పండించేవాళ్లకు కళ్లం గురించి చెప్పనక్కరలేదు. ఎవరి కళ్లం ఎంతవరకో ఊరందరికీ తెలుసు. ఏరియా ఎంతవరకో రాసినవాడికీ తెలియదు.

పర్యాయములు: అమరసింహుడు భూమివర్గంలో నీవృత్తు, జనపదం, దేశం, విషయం, ఉపవర్తనం అని చెప్పాడు. వీటిలో ‘విషయం’ నేటికీ పనికొస్తుంది. విషయం లేని ఏరియాలు చాలానే ఉన్నాయి. తెలుగులో నాడు, సీమ, మండలం, ప్రాంతం. ఉరుదూ దయవల్ల ఇలాకా, తాలూకా, జిల్లా. ఇంగ్లీషు దయవల్ల డివిజన్, సర్కిల్, జోన్.

సీమ అంటే మొదట పొలిమేరే. తర్వాత పొలిమేర లోపలి నేలంతా సీమైంది. మండలం కథ తలకిందులు. 1800లో నిజాం ఈ నేలను కుంపిణీకి వదిలేసినప్పుడు దత్తమండలాలంటే కొన్ని జిల్లాల పొడుగు. 1985లో తాలూకాలు పోయి వచ్చిన మండలంలో పట్టేది గుప్పెడు ఊళ్లు. ‘దత్త’ అన్న మాట చిన్నతనమనిపించి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్నారు, జనం మెచ్చారు. సినిమా పంపిణీదారులకు మాత్రం ఆ సభ సంగతి ఇంకా అందినట్టు లేదు. వాళ్ల లెక్కల్లో మనం ఇప్పటికీ సీడెడ్డే, అంటే దత్తమే.

పూర్వపక్షం: ఏరియా అంటే ఊరూ, దాని చుట్టుపక్కలూ, ఇంత గొడవ ఎందుకప్పా?

సిద్ధాంతం: ఎవరు ఎవరి చుట్టుపక్కలో తేలితే కదా! రెవెన్యూ కాగితాల్లో హిందూపురం పెనుకొండ డివిజన్‌లోది. పార్లమెంటు ఎన్నికలొస్తే పెనుకొండ, ధర్మవరం రెండూ హిందూపురం స్థానంలోవి. అంటే పెనుకొండ లోపల హిందూపురం, హిందూపురం లోపల పెనుకొండ. అద్వైతులు కూడా ఇంత సాహసం చేయలేదు. రైలు దగ్గరికొస్తే హిందూపురం బెంగళూరు డివిజన్, ధర్మవరం గుంతకల్లు డివిజన్. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది. జిల్లా కేంద్రం తమకే కావాలని హిందూపురం రోడ్డెక్కింది, అది పుట్టపర్తికి పోయింది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధానిగా వెలిగిన పెనుకొండ ఈ పోటీని కోట మీదినుంచి చూసింది. ఆ కొండకు ఇవేమీ కొత్త కాదు.

ఈ గొడవలో కనీసం ఒక్క మంచి ఉంది: జిల్లా, డివిజన్ అన్నవాటికి గీత ఉంటుంది. గీత ఉంటే ఇటా అటా అని కొట్లాడవచ్చు, అర్జీ పెట్టవచ్చు. ఏరియాకు గీత లేదు. అందుకే ప్రకటన రాసేవారికి అదంటే ప్రేమ. కరెంటు పోయినవాడికి ‘మీది ఆ ఏరియానే’ అనవచ్చు, పోనివాడికి ‘మీది కాదు’ అనవచ్చు. మాట తప్పిందని ఎవరూ నిరూపించలేరు. ఈ తట్టు మనిషి ‘ఆ తట్టు’ అన్నప్పుడు కనీసం చేయి చాపి చూపిస్తాడు. ప్రకటనకు చేతులు లేవు.

తాత్పర్యం: ధర్మవరంలో మరమగ్గం నడిపేవాడు రేపు పని పెట్టుకోవాలా వద్దా అన్నది ఈ ఒక్క పదం మీద ఆధారపడింది. చేమగ్గానికి కరెంటు అక్కరలేకపోయినా గుంటలో కూర్చుని సన్నని జరీ పోగు చూడాలంటే నేతగాడికి దీపం కావాలి. హిందూపురంలో పిండిమర ముందు గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లదీ ఇదే అవస్థ.

కరెంటు ఊరి పేరు చూసి పోదు, ఫీడరును బట్టి పోతుంది. ఏ సబ్‌స్టేషను, ఏ ఫీడరు, దాని కింద ఏయే వీధులు అన్నది తీగ ఆపేవారికి ముందే తెలుసు. కాబట్టి ప్రకటన రాసే పెద్దలకు మనవి: ‘ఏరియా’ కొట్టేసి ఆ వీధుల పేర్లు రాయండి. వాక్యం పొడుగైతే కానివ్వండి, టీకా మేము రాసుకుంటాం.