నా మీది చీటీ

నిజానికి నాది టిఫిన్ డబ్బాల వంశం. అరచేతిలో ఇమిడే స్టీలు ఒళ్లు, బిగుతైన మూత. పెరుగన్నం మోయాల్సిన నా నుదుట తల్లిపాలు రాసిపెట్టి ఉంది. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి పాలబ్యాంకులో నా కొలువు. ఆసియాలో ఇలాంటి తొలి బ్యాంకును 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. 2017లో మా నగరంలోని నీలోఫర్ ఆసుపత్రిలో వచ్చినదాని పేరు 'ధాత్రి'. మన 'దాది' పుట్టింది ఆ మాటలోంచే.

ఆ రోజు నన్ను పట్టుకున్నది తొమ్మిది రోజుల బాలింత. నెలలు నిండని కొడుకు లోపల అద్దాల పెట్టెలో ఉన్నాడు. వాడు పూటకు తాగేది ఐదు మిల్లీలీటర్లు. ఈమెకేమో రొమ్ములు రాళ్లయి, జాకెట్టు తడిసి, ఒళ్లు కాలిపోతోంది. పిండితే చుక్క రాలడం లేదు. నర్సమ్మ ఫోన్లో బిడ్డ ఫొటో చూపించింది. అంతే, పాలు చేపుకొచ్చాయి. ఖాళీ స్టీలు మీద తొలిధార ఖంగున మోగుతుంది. అడుగు నిండేకొద్దీ ఆ మోత మెత్తబడుతుంది. నాకు తెలిసిన సంగీతం అదొక్కటే.

"ఉన్న పాలన్నీ ఊరోళ్లకు పంచితే రేపు మనోనికేం ఉంటయే?" గుమ్మంలోంచి అత్తగారు.

"బాయిల నీళ్ల లెక్కమ్మా, తోడేకొద్దీ ఊరుతయ్," అంది నర్సమ్మ.

అత్తగారు నమ్మలేదు. పరాయి పాలనగానే జనానికి పూతన గుర్తొస్తుంది, యశోద గుర్తురాదు!

నా మీద చీటీ అంటించారు. పేరు లేదు, అంకె, తేదీ, వేళ. తల్లి రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ లేవని తేలేదాకా ఫ్రీజరులో నాకు మౌనవ్రతం. తర్వాత నాలోని పాలను మరో ముగ్గురు తల్లుల పాలతో కలిపారు. కుమారస్వామికి ఆరుగురు కృత్తికలు పాలిచ్చారు కదా, మాకు నలుగురు దొరికారు. ఆ పాలను శుభ్రం చేసిన మా డబ్బాల్లోకే మళ్లీ ఒంపి, వేడినీళ్ల తొట్టెలో దించారు. 62.5 డిగ్రీల దగ్గర అరగంట. ఇళ్లలో పాలు పొంగితే శుభం; ఇక్కడ పొంగిస్తే బిడ్డను కాచే గుణమే పోతుంది. ఆ వెంటనే చల్లార్చి, క్రిములు లేవని ల్యాబు చెప్పాక మైనస్ 20 డిగ్రీల చలిలోకి.

చీటీ మారిపోయింది. ఆ అంకె ఏ తల్లిదీ కాదిప్పుడు.

వారం తర్వాత, నేను ఖాళీ అయి మళ్లీ కొలువులో చేరాక, అత్తగారు తానే కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. పక్క పెట్టెలోని పిల్ల తల్లికి ఆపరేషనయ్యాక ఇంకా తెలివి రాలేదని ఎవరో చెప్పారట. పిండడం అయ్యాక అత్తగారు నన్ను వెలుతురులోకి వంచి చూసింది.

"మొన్నటికన్న తక్కువున్నయేందమ్మా? జర సరిగ్గ కొలువు," అని నర్సమ్మతో తగవు పెట్టుకుంది.