లెన్సుకి వాచ్‌మన్

కెమెరా కొన్నవాడి సంతోషం బిల్లు చేతికొచ్చేదాకా కూడా నిలవదు. పెట్టె ఇంకా బల్ల మీదే ఉంటుంది. దుకాణం కుర్రాడు సొరుగులోంచి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ ఒకటి తీసి పెట్టె పక్కన పెడతాడు. గొంతు తగ్గించి అడుగుతాడు: "సార్, యూవీ ఫిల్టర్ వేసెయ్యమంటారా?"

అక్కర్లేదన్నామనుకోండి, వాడేమీ వాదించడు. "మీ ఇష్టం సార్" అంటాడు. అని ఊరుకోడు. మన కొత్త లెన్సు వంక జాలిగా ఒక చూపు చూస్తాడు. ఇక మన చెయ్యి మనల్ని అడక్కుండానే జేబులోకి పోతుంది.

కోఠీలో కొన్నా, బెజవాడలో కొన్నా ఈ తతంగం ఇంతే. మా బావమరిది లెన్సు కొంటానంటే తోడు వెళ్ళాను. "ఇది వేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. "అతినీలలోహిత కిరణాలు ఆపుతుంది సార్, అవి లెన్సుకి మంచివి కావు" అన్నాడు కుర్రాడు. మావాడు కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్. ఆ మాట విని కొంచెం కూడా నవ్వకుండా డబ్బులిచ్చాడు. బయటికొచ్చాక "ఆ కిరణాలు లెన్సుని ఏం చేస్తాయిరా?" అని అడిగాను. "ఏమీ చెయ్యవు బావా. కానీ వాడు అలా చూస్తుంటే కొనకుండా ఎలా వస్తాం?" అన్నాడు.

నిజానికి ఈ ఫిల్టరు పుట్టింది లెన్సుని కాపాడ్డానికి కాదు, ఫొటోని కాపాడ్డానికి. అది ఫిల్ము రోజుల మాట. ఫిల్ము మీద పూసే వెండి లవణాలకి మన కంటికి ఆనని వెలుగు కూడా ఆనుతుంది. 400 నానోమీటర్ల దగ్గర మన కన్ను ఇంచుమించుగా చేతులెత్తేస్తుంది, ఫిల్ము మాత్రం ఇంకా కిందికి కూడా చూస్తుంది. పొట్టి తరంగాలు గాలిలో ఎక్కువగా చెదురుతాయి కాబట్టి, కళ్ళకి పచ్చగా కనబడ్డ దూరపు కొండలు ఫొటోలో నీలి మసక కప్పుకుని వచ్చేవి. ఎత్తుకి పోయినకొద్దీ బెడద ఎక్కువ. ప్రతి 1000 మీటర్లకీ యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ మసకని తగ్గించడానికి ఈ గాజుబిళ్ళ.

మా చిన్న మావయ్యకి పెంటాక్స్ కె1000 ఉండేది. 1976లో మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళ పైచిలుకు తయారుచేసిన మొండి కెమెరా అది. దాని 50 ఎం.ఎం. లెన్సు ముందు 49 ఎం.ఎం. యూవీ ఫిల్టరు ఎప్పుడూ ఉండాల్సిందే. అరకులో ఉండేది, సరే. బొర్రా గుహల్లో కూడా ఉండేది. "ఇక్కడ ఎండే లేదు కదా మావయ్యా" అంటే, "యూవీ ఎక్కణ్ణుంచైనా వస్తుందిరా అల్లుడూ" అనేవాడు. తీరా రీలు కడిగించి ప్రింట్లు తెస్తే అరకు కొండలు నీలంగానే ఉండేవి. "చూశావా, ఫిల్టరు లేకపోతే ఇంకా నీలంగా ఉండేవి" అనేవాడు. ఈ వాదానికి జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. యూవీ ఫిల్టరు వ్యాపారమంతా ఈనాటికీ దీని మీదే నడుస్తోంది.

తర్వాత డిజిటల్ వచ్చింది. యూవీనీ, ఇన్‌ఫ్రారెడ్‌నీ ఆపే పొరని కంపెనీవాళ్ళే సెన్సరు ముందు అతికించి ఇస్తున్నారు. లెన్సులోని గాజులు కూడా యూవీలో చాలా భాగాన్ని దారిలోనే మింగేస్తాయి. అంటే మన ఫిల్టరు ఉద్యోగం ఊడింది. అయితే ఉద్యోగం అయిపోయిన పెద్దమనిషిని ఖాకీ చొక్కా తొడిగి అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టడం మనకి అలవాటే కదా. యూవీ ఫిల్టరుకీ అలాగే వాచ్‌మన్ పని దొరికింది. పేరు పాతదే, జీతం మాత్రం పెరిగింది.

నికాన్, కెనాన్ లాంటివాళ్ళు ఈ విషయంలో కాస్త నిజాయితీపరులు. 'న్యూట్రల్ కలర్' అనీ 'ప్రొటెక్ట్' అనీ పేర్లు పెట్టి, యూవీ ఊసెత్తకుండా ఉత్త గాజునే అమ్ముతారు. దుకాణం కుర్రాడికి ఈ తేడాలు పట్టవు. గుండ్రంగా ఉండి, అవతలికి కనబడితే యూవీయే.

డిజిటల్ కాలంలో కూడా ఫిల్టరు పెట్టుకోండి మహాప్రభో అని కంపెనీయే బతిమాలుకున్న సందర్భం ఒకటుంది. 2006లో లైకా వాళ్ళు ఎం8 అనే కెమెరా తెచ్చారు. దాని సెన్సరు ముందు పొర పల్చన. ఇన్‌ఫ్రారెడ్ దూరిపోయి, సింథటిక్ నల్లకోటు వేసుకున్నవాళ్ళంతా ఫొటోలో వంకాయరంగుకి తిరిగారు. చివరికి కొన్నవాళ్ళందరికీ యూవీ, ఇన్‌ఫ్రారెడ్ రెండూ ఆపే ఫిల్టర్లు తలా రెండు ఉచితంగా పంపారు. లైకా దగ్గర ఉచితంగా ఏదైనా దొరికిందంటే ఆ కష్టం ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఫొటోగ్రాఫర్లలో వేసేవాళ్ళు, వెయ్యనివాళ్ళు అని రెండు శాఖలు. పెళ్ళి సంబంధాలు కలుపుకుంటారేమో గానీ ఈ విషయంలో మాట కలవదు. "అంత పోసి లెన్సు కొన్నావు, దానికో గాజుముక్క వెయ్యలేవా?" అని వేసేవాళ్ళు. "అంత పోసి లెన్సు కొన్నావు, దాని ముందు గాజుముక్క వేస్తావా?" అని వెయ్యనివాళ్ళు. గమనించారా, ఇద్దరి మాటలోనూ మొదటి సగం ఒకటే. గుండెలో గుచ్చుకునేది ఆ సగమే.

వెయ్యనివాళ్ళ మాట కొట్టిపారేసేది కాదు. పూత లేని మామూలు గాజు, తన మీద పడ్డ వెలుగులో ఒక్కో వైపునుంచీ దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. రెండు వైపులా కలిపితే 8. ఈ నష్టాన్ని తగ్గించడానికే 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా గాజుకి పూత పూసే పద్ధతి కనిపెట్టాడు. 1971కి వచ్చేసరికి పెంటాక్స్ వాళ్ళు పొర మీద పొర వేసి లెన్సులు అమ్మారు. ఇంతమంది తలలు పండించుకుని తయారుచేసిన లెన్సు ముందు మనం పూతా గీతా లేని నాలుగొందల రూపాయల గాజు బిగించి, ఫొటో పేలవంగా వచ్చిందని కెమెరాని తిడతాం.

దీని అసలు మహిమ రాత్రిపూట తెలుస్తుంది. వీధి దీపం వెలుగు సెన్సరు మీద పడుతుంది. సెన్సరు నున్నగా మెరుస్తుంది కాబట్టి అందులో కొంత వెనక్కి పోతుంది. దారిలో ఫిల్టరు అడ్డం తగిలి మళ్ళీ లోపలికి తోస్తుంది. ఆ దొంగ వెలుగు ఫొటో మధ్యబిందువుకి సరిగ్గా అవతలి వైపు, దీపం ఆకారంలోనే, చాలాసార్లు లేత ఆకుపచ్చగా తేలుతుంది. మా బావమరిది కాలనీలో వినాయక చవితి మండపం ఫొటో తీశాడు. పైన సీరియల్ బల్బుల వరస. కింద, స్వామి తొండం చుట్టూ, తలకిందులుగా ఆకుపచ్చ చుక్కల వరస. వాడు చెరిపేద్దామనుకునేలోగా మా అత్తగారు చూశారు. "స్వామివారి తేజస్సురా!" అని అక్కడికక్కడే చెంపలు వేసుకున్నారు. మర్నాటికి అది ప్రింటయ్యి, ఫ్రేమయ్యి పూజగదిలో గోడెక్కింది. కాంతి పరావర్తనం మీద ఏటా పిల్లలకి పాఠం చెప్పే మావాడు ఆ ఫొటోకి రోజూ దణ్ణం పెట్టుకుని మరీ కాలేజీకి వెళ్తాడు.

అమెరికాలో లెన్సులు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ అనే సంస్థ ఉంది. దాన్ని పెట్టిన రోజర్ సికాలా ఒకసారి సరదాకి 50 యూవీ ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి బిగించి ఫొటో తీశాడు. అవతల ఏముందో పోల్చుకోవడమే గగనమైంది. తర్వాత మంచివీ చవకవీ విడదీసి చూస్తే, మంచివాటితో పెద్ద తేడా లేదు, చవకవాటితో తేడా కంటికే తెలిసింది. వేసుకుంటే మంచిదే వేసుకోవాలి, లేకపోతే మానుకోవాలి అని దీని సారం. మనం మాత్రం ఎప్పుడూ మధ్యేమార్గంగా చవకది వేసుకుంటాం.

ఇక కిందపడ్డ కథలు. ప్రతి ఫొటోగ్రాఫర్ల గుంపులోనూ పగిలిన ఫిల్టరొకటి పర్సులో పెట్టుకు తిరిగేవాడు ఒకడుంటాడు. "ఇది పగిలింది కాబట్టి లెన్సు బతికింది" అంటాడు. మళ్ళీ మా మావయ్య వాదమే. ఫిల్టరు గాజు పల్చన, లెన్సు ముందు గాజు అంతకి ఎన్నో రెట్లు మందం. ఫిల్టరు పగిలేపాటి దెబ్బని లెన్సు చాలాసార్లు పట్టించుకోదు కూడా. పైగా పగిలిన ఫిల్టరు పెంకులు వెనకున్న లెన్సుని గీరితే కంచే చేను మేసినట్టు. న్యాయంగా చెప్పాలంటే, పడ్డప్పుడు లెన్సు అంచు సొట్టపోకుండా ఫిల్టరు రింగు ఆ దెబ్బ తను తింటుంది. ఆ పని లెన్సుతో పెట్టెలో వచ్చే హుడ్ ఇంకా బాగా చేస్తుంది. కానీ హుడ్‌ని మనం పెట్టెలోంచి తియ్యం, పాడవుతుందని.

లెన్సు ముందు గాజు మీద చిన్న గీత పడ్డా ఫొటోలో కనబడదు. ఫోకస్‌కి అది మరీ దగ్గర. ఆ గీత కనబడేది ఒక్కడికే, మన దగ్గర పాత లెన్సు కొనడానికి వచ్చి, సెల్‌ఫోన్ టార్చి వేసి అటూ ఇటూ తిప్పి చూసేవాడికి.

ఇన్ని చెప్పాక వేసేవాళ్ళకీ న్యాయం చెయ్యాలి. వాళ్ళ పక్షాన గట్టి సాక్షి తెలుగు పెళ్ళి. మన పెళ్ళిలో లెన్సు మీద పడనిదేమిటో చెప్పండి. హోమం పొగ, నేతి చిటపటలు, పన్నీరు, అక్షింతలు, ఈ మధ్య స్ప్రే డబ్బాల నురగ, రంగుకాగితాల పేలుళ్ళు. అన్నిటికీ మించి తలంబ్రాలు. మొదటి దోసిళ్ళు మర్యాదగానే పడతాయి. తర్వాత పౌరుషాలు మొదలై, ఎవరో ఒక అత్త పళ్ళేన్నే పెళ్ళికూతురి చేతికందిస్తుంది.

రాజమండ్రిలో ఒక పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ పక్కనే నిలబడి ఇదంతా చూశాను. పళ్ళెం బోర్లించగానే పసుపు బియ్యం గింజలు ఫిల్టరు మీద టపటపా మోగాయి. వాటితోపాటు కలిపిన థర్మోకోల్ పూస ఒకటి గాజుకి అతుక్కుపోయింది. ఊదాడు, కదల్లేదు. గోటితో గీకాడు. పసుపు మరక చారగా పాకింది. చొక్కా అంచుతో గరగరా నాలుగు తిప్పులు తుడిచి మళ్ళీ కన్ను ఆనించాడు. ఆ తుడుపు లెన్సుకే పడితే దాని పూత గతేమిటి? ఫిల్టరు గొప్పతనం నాకు అక్కడ తెలిసింది. మొహమాటం లేకుండా తుడుచుకోనిస్తుంది.

రాత్రి ఊరేగింపు వేళకి, లైట్ల ఎదుట దెయ్యపు చుక్కలు పడతాయని దాన్ని విప్పబోయాడు. రాలేదు. వేళ్ళతో పట్టి తిప్పినకొద్దీ పల్చటి రింగు నొక్కుకుపోయి ఇంకా బిగిసింది. "ఎండకి బిగిసిపోద్దండి" అని నాతో అని, హవాయి చెప్పు విప్పి, బోర్లా తిప్పి, రబ్బరు అడుగు మీద లెన్సుని నిటారుగా బోర్లించి, తేలిగ్గా అదిమి తిప్పాడు. ఊడొచ్చింది. చెప్పు రింగుని చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది, నొక్కెయ్యదు. చక్కటి ఉపాయమే. కానీ కెమెరా మీద ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. ఎదురుగా కూర్చున్న పురోహితుడు కళ్ళు మూసుకున్నారు. ఫొటోగ్రాఫర్ లెన్సుని కళ్ళకద్దుకుని, "తప్పైపోయింది సరస్వతీ తల్లీ" అనేసి ఊరేగింపుకి పరిగెత్తాడు.

కాబట్టి నా తీర్పు ఇది. లెన్సు మీదికి ఏదైనా ఎగిరొచ్చే చోట ఫిల్టరు వెయ్యండి: పెళ్ళి, హోళీ, విశాఖ బీచిలో ఉప్పుగాలి, ఎండాకాలపు దుమ్ము. కెనాన్ ఖరీదైన లెన్సుల్లో కొన్నిటికి, ముందు ఫిల్టరు ఉంటేనే తేమ, దుమ్ము లోపలికి పోకుండా పూర్తి రక్షణ అని ఆ కంపెనీయే చెబుతుంది, అక్కడ మారు మాట్లాడకండి. దీపాల ఎదుట, సూర్యుడికి ఎదురుగా, స్టూడియోలో తీసెయ్యండి. కొనేటప్పుడు లెన్సు ముందు అంచున అడ్డగీత కొట్టిన సున్నా పక్కనున్న అంకె చూసి అడగండి. 50 ఎం.ఎం. లెన్సు కదా అని 50 ఎం.ఎం. ఫిల్టరు అడిగితే కుర్రాడు మీకు ఇంకో రెండు వస్తువులు అంటగడతాడు. బిగించేటప్పుడు వేలికొసలతో ఆగిపోండి, చెప్పు దాకా రానివ్వకండి. మంచి ఫిల్టరుకి డబ్బు లేకపోతే హుడ్ తగిలించండి. అదీ పోగొట్టుకుని ఉంటే మూత పెట్టుకు తిరగండి. అంతకన్నా గట్టి కాపలా లోకంలో లేదు. ఫొటో తీసేటప్పుడు మాత్రం ఆ మూత తియ్యడం మర్చిపోకండి.