ఇంటికి ఒక్క అద్దం

మా రోజుల్లో ఇంటికి ఒక్కటే అద్దం ఉండేదమ్మాయ్. వసారా స్తంభానికి మేకు కొట్టి తగిలించేవారు. నాన్నగారి క్షవరానికీ అదే, అక్కయ్య బొట్టుకీ అదే. నుదురు కనబడితే గడ్డం కనబడేది కాదు. ఆ కాస్తా చూసుకుని పిల్లలు ఆటకి పరుగెత్తేవాళ్లు. మీకేమో అరచేతిలోనే అద్దం, అదీ బుగ్గలు నొక్కి, రంగు తేల్చి చూపించే అబద్ధపు అద్దం! పదమూడేళ్ల పిల్ల అందులో చూసుకుని "లావైపోయాను, అన్నం వద్దు" అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ముసలాడి చాదస్తం అంటారు, అనండి. 2021లో ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల లోపలి కాగితాలే బయటపడ్డాయి. తమ ఒళ్లు తమకి నచ్చక దిగులుపడే అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ చూస్తే ఆ దిగులు ఇంకా పెరిగిందన్నారట.

అట్లతద్దికి మా వీధి చూసుండాల్సింది. తెల్లారకముందే పిల్లలు లేచి, గోరింటాకు పండిన చేతులతో చద్దన్నం తిని, ఊరి చివర చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరుగు. ఒప్పులకుప్ప తిరగాలంటే ఇద్దరు చేతులు పట్టుకుని, పాదాలు ఆనించి, వెనక్కి వాలిపోవాలి. అవతలిపిల్ల పట్టు గట్టిదా కాదా అన్నదే లెక్క. నలుపా తెలుపా అని ఎవరు చూశారు? కాస్త బొద్దుగా ఉన్న పిల్లకైతే గిరాకీ, ఉయ్యాల ఊపితే కొమ్మ అందేదాకా పోయేది! ఒళ్లంటే పరుగెత్తడానికీ, ఊగడానికీ ఉన్నదే తప్ప, ఫొటోకి ఉన్నది కాదు.

ఆ వీధులు పోయాయి. ఇప్పుడు పదిమంది ఆడపిల్లలు ఒకచోట చేరాలంటే ప్రభుత్వం పథకం పెట్టాలి. 2010లో సబల అని తెచ్చారు, 11 నుంచి 18 ఏళ్ల వాళ్లకి. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి రక్తహీనత గురించి చెప్పడం, ఐరన్ మాత్రలివ్వడం. మంచిపనే, కాదనను. కానీ లావవుతానని పొద్దున్న టిఫిను మానేసే పిల్లకి మాత్రొక్కటే ఏం చేస్తుంది? ఒంటి మీద ఆ రోత పోగొట్టే మాట కూడా అక్కడే జరగాలి.

దానికీ పద్ధతులున్నాయి. అమెరికాలో ఎరిక్ స్టైస్ వాళ్లు తయారుచేసిన బాడీ ప్రాజెక్ట్ చూడండి. టీచరమ్మ ఉపన్యాసం ఉండదు. సన్నగా ఉంటేనే అందమన్న మాటని పిల్లలే నిలదీస్తారు, దానివల్ల ఎంత నష్టమో తమకన్నా చిన్నపిల్లకి ఉత్తరం రాస్తారు. పదిమందిలో తన నోటితో తానే కాదన్నాక, ఆ మాటని లోపల నమ్మడం కష్టం. 2013లో గర్ల్ గైడ్స్ ప్రపంచ సంఘం కూడా డవ్ సబ్బువాళ్లతో కలిసి ఇలాంటిదే మొదలెట్టింది, ఫ్రీ బీయింగ్ మి అని.

ఆ డవ్ యూనిలీవర్‌ది. ఫెయిర్ అండ్ లవ్లీ కూడా ఆ ఇంటిదే! 1975లో మన దేశంలో అమ్మకం మొదలెట్టి, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. ఇన్నేళ్లు నలుపు మీద బెంగ పెంచి బతికిన వ్యాపారం పేరు మార్చుకున్నంత మాత్రాన నేను క్షమించను.

సరే, కొన్నది ఎవరు? మా తరమే. పెళ్లిచూపుల్లో పిల్ల చామనఛాయంటే కట్నం పెంచిన పెద్దమనుషులు మా కాలం వాళ్లే, అదీ ఒప్పుకుంటాను. ఇవాళ్టికీ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏమే, ఇలా నల్లబడ్డావు? చిక్కిపోయావేం?" అని పలకరించే పిన్నులూ, బాబాయిలూ, తాతలూ ఉన్నారు. అందుకే అంగన్‌వాడీ టీచరమ్మకి చెబుతున్నాను: కిశోరీ సమావేశం పెట్టిన రోజు పిల్లల్ని ఓ గంట ముందే ఆటకి పంపించేసి, ఆ చాపల మీద మమ్మల్ని కూర్చోబెట్టండి. ఉత్తరాలు కూడా మా చేతే రాయించండి. ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గరే తీసేసుకోండి, మావి కూడా.