బతికున్న లాప్‌టాప్‌కి మరణ ధ్రువపత్రం

2022 ఏప్రిల్ 4న రాజాంకి అప్‌గ్రేడ్ జరిగింది. శ్రీకాకుళం జిల్లాలో పడుకున్న ఊరు విజయనగరం జిల్లాలో లేచింది. అయినా ఎవరి ఇంట్లోనూ చీకటి కమ్మలేదు, బస్సులు ఎప్పటి దారినే వచ్చాయి. "మీ ఊరు మరీ పాతది, కొత్త జిల్లాకి సరిపడే ఊరొకటి కొనుక్కోండి" అని ఏ అధికారీ అనలేదు. మన సర్కారుకున్న ఆపాటి ఇంగితం కూడా చిప్పుల కంపెనీలకి లేదు.

1997 నుంచి జీఎంఆర్ ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరిది. లాప్‌టాప్ ఇక్కడ ఉమ్మడి ఆస్తి. అన్న బీటెక్ ముగించి బెంగళూరు పోతే తమ్ముడిది, ఆ తర్వాత చెల్లిది. కీబోర్డు మీద అక్షరాలు అరిగినా పనికి లోటుండదు, "అప్‌డేట్ సిద్ధం" అని పిలుపొచ్చేదాకా. వద్దంటే మళ్లీ అడుగుతుంది. ఇంకా వద్దంటే ముహూర్తం తనే పెట్టుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దాంతో మారిపోతుంది. మర్నాడు తెర మీద గుమ్మడికాయలంత అక్షరాలు. డివైస్ మేనేజర్‌లో అసలు గ్రాఫిక్స్ కార్డు పేరు ఎగిరిపోయి "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" కూర్చుని ఉంటుంది. తెర వెలుగు తగ్గదు, వీడియో కదలదు, ప్రొజెక్టర్ తగిలిస్తే ఉలకదు పలకదు. "రోల్ బ్యాక్ డ్రైవర్" మీట మాత్రం దర్జాగా కనిపిస్తుంది, నొక్కడానికి వీల్లేని బూడిద రంగులో.

షాపుకి పట్టుకెళ్తే తీర్పు సిద్ధం: "ఏటి బాబూ, ఇది ముసలిదైపోనాది. కొత్తది తీసీసుకోండి, ఈఎంఐ ఉంది."

నిజానికి మందుంది. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో కొత్త డ్రైవర్‌ని డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే పనిముట్టుతో ఊడ్చేసి, లాప్‌టాప్ తయారీదారు సైట్లో ఆ మోడల్‌కి ఇచ్చిన పాత డ్రైవర్ వేస్తే చాలాసార్లు ప్రాణం లేచొస్తుంది. ఆ పాతది అక్కడ ఇంకా ఉంటేనే సుమా. 2011 నాటి ఇంటెల్ హెచ్‌డీ 3000కైతే విండోస్ 10 డ్రైవర్‌ని ఇంటెల్ ఇవ్వనేలేదు. 2012లో పుట్టిన ఎన్విడియా కెప్లర్ కార్డులకి 2021లోనే మామూలు డ్రైవర్లు ఆపేశారు. విండోస్ 11 ఇంకా శుభ్రం: ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ కోర్ ప్రాసెసర్లని దాదాపుగా గుమ్మంలోనే ఆపేసింది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ముగించి, ఉన్న ఇంటికీ తాళం వేసింది.

పోనీ లినక్స్‌కి వలస పోదామా? అక్కడ నూవో అనే డ్రైవర్ ఉంది. ఎన్విడియా గుట్టు విప్పకపోతే, కార్డు ఎలా మెలుగుతుందో గమనించి గమనించి ఔత్సాహికులు అల్లినది. 2014లో వచ్చిన 900 సిరీస్ నుంచి కంపెనీ సంతకమున్న ఫర్మ్‌వేర్ లేనిదే కార్డు మాట వినదు. దాంతో ఆ తరం కార్డులు నూవో కింద పూర్తి వేగం అందుకోలేవు. కార్డు మనది, కరెంటు బిల్లు మనది, వేగం మీద పెత్తనం వాళ్లది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీకి కెమెరా ముందే నడిమి వేలు చూపించాడు. ఆ వేలుకి జవాబు పదేళ్లకి వచ్చింది. 2022 మేలో ఎన్విడియా లినక్స్ కెర్నల్ మాడ్యూళ్ల కోడ్ బయటపెట్టింది, 2018 నాటి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకి మాత్రమే. ఆకలితో ఉన్నవాణ్ణి బయటే నిలబెట్టి, తిన్నవాడికే మళ్లీ వడ్డించడమంటే ఇదే.

2022లోనే మన కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆపై పోర్టల్ తెరిచింది. స్క్రూలు, బ్యాటరీలు, మాన్యువళ్లు అడిగే హక్కు మంచిదే. కానీ చిప్ బతికుండగా డ్రైవర్‌ని చంపేస్తే స్క్రూడ్రైవర్ ఏం చేస్తుంది? కాబట్టి అడగాల్సింది ఒకటే: డ్రైవర్ ఇవ్వడం మానేసిన రోజునే ఆ చిప్ వివరాలు, తాళంచెవితో సహా, కంపెనీ బయటపెట్టాలి. అది చట్టమయ్యేలోగా, అప్‌డేట్ మీట నొక్కేముందు మీ మోడల్ పాత డ్రైవర్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.