సారు మీద నమ్మకమా? ముందు సెల్ఫీ పంపమనండి!

పోలింగ్ బూత్ అప్పజెప్పాలంటే సారును నమ్ముతారు. జనాభా లెక్కలకూ సారునే నమ్ముతారు. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి కూడా సారే దొరికాడు. అదే సారు ‘తొమ్మిదికే బడికొచ్చాను’ అంటే మాత్రం... అబ్బే, ఏదీ మొహం చూపించు!

2022 ఆగస్టులో మొహం చూపించి హాజరు వేసే యాప్ వచ్చిన దగ్గర్నుంచి ఇదే తంతు. ఫోను సారుది, డేటా సారుది, అనుమానం సర్కారుది. అంతకుముందే మరుగుదొడ్ల ఫొటోలు తీయించారు. గుడ్ల లెక్క, చిక్కీల లెక్క సరేసరి. ఫొటోకు అందని సంగతి ఒక్కటే: ఐదో తరగతి పిల్లాడికి భాగహారం వచ్చిందా? అడిగిందెవరు?

ప్రభుత్వం మారింది. యాప్‌లన్నీ కలిపి ‘లీప్’ అన్నారు. నాలుగు మూటలు విప్పి ఒకే గోతంలో పోస్తే బరువు తగ్గుతుందా సామీ?

2024 పది ఫలితాల్లో కర్నూలు 62.47 శాతంతో రాష్ట్రంలోనే అట్టడుగు. ఆ మరుసటి ఏడాది మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు. జిల్లాల్లోకెల్లా ఎక్కువ ఎవరికి? ఉమ్మడి కర్నూలుకే! ఫలితాల్లో ఆఖరు, ఖాళీల్లో మొదలు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని కనిపెట్టడానికి ఏ యాప్ కావాలి? 2018 తర్వాత 2025 దాకా డీఎస్సీ పెట్టకుండా కూర్చున్న వాళ్లకు ఏ మెమో ఇచ్చారు?

అదే కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం వైపు పంటకాలం వస్తే ఇంటిల్లిపాదీ సుగ్గికి వలస పోతారు. గుంటూరు మిరపచేలలో ఉన్న పిల్లాడికి ఇక్కడ హాజరెట్లా పడేది? జవాబు హెడ్మాస్టరే చెప్పాలట. పేరుకు బడికి పెద్ద. ఒక్క టీచరును వేయించుకునే అధికారం లేదు. టెలికాన్ఫరెన్సులో అక్షింతలు వేయించుకునే హక్కు మాత్రం నిండుగా ఉంది.

2024 డిసెంబర్ 7న కడప మున్సిపల్ హైస్కూల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ఉప ముఖ్యమంత్రి వచ్చి టీచర్లే అసలు హీరోలన్నారు. చప్పట్లు! మరి హీరో అయితే రోజూ మొహం చూపించి నిరూపించుకోవాలా?

డుమ్మా కొట్టే సార్లు లేరా? ఉన్నారు. వాళ్లను పట్టుకోవాల్సిన ఎంఈవో ఏం చేస్తున్నాడు? పై ఆఫీసుకు నివేదిక పంపుతున్నాడు!

నిఘాతో చదువొస్తుందా? ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, సుందరరామన్ మన ఉమ్మడి రాష్ట్రపు బడుల్లోనే చూసి 2010లో అచ్చేశారు. పిల్లల మార్కుల విశ్లేషణ టీచర్ల చేతికిచ్చి, అప్పుడప్పుడూ వెళ్లి గమనించారు. చూస్తున్నంతసేపూ సార్లు హుషారుగానే చెప్పారు. పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల కంటే పెరగలేదు.

విద్యాశాఖ మంత్రి లోకేశ్ గారూ, ఒక్క నెల చేసి చూడండి. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఏ ఆఫీసూ హెడ్మాస్టరుకు ఫోన్ చేయకూడదని మెమో ఇవ్వండి. అందినట్టు ఫొటో మాత్రం అడక్కండి.