టాపు కోతలు

ఆ రీలు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. కరీంనగర్‌లో మానేరు మీద కేబుల్ బ్రిడ్జి, రాత్రి లైట్లు, పైన డ్రోను, నల్లగా మెరిసే కారు టాపు, దాని మీద చాప అల్లినట్టు గళ్లు. ఇంక నేను చెప్పేదేముంది.

మా అక్క కొడుకు చూసి ఊరుకునే రకం కాదు. షాపులో అడ్వాన్సు ఇచ్చి మరీ వచ్చాడు.

“మామా, టాపు కోయిస్తున్న” అన్నాడు ఆదివారం పొద్దున, యాటను కోయిస్తున్నంత మామూలుగా.

“ఏం టాపురా?”

“కారుదే. ఇనుప రేకు కోసి తీసేస్తరు, కార్బన్ ఫైబర్‌ది అతికిస్తరు. బండి హల్కగయితది.”

“ఎంత హల్కగయితది?”

“ఆరు కిలోలు.”

“ఎంతడిగిండు?”

“లక్షా ఇరవై. నువ్వొచ్చి మాట్లాడితే కొంచెం దిగుతడు మామా.”

అంటే కిలోకు ఇరవై వేలు. తూకం వేసి చేతిలో పెట్టినదానికి డబ్బు కట్టడం పుట్టిననాటి నుంచి చూస్తున్నాను. తూకం వేసి మన దగ్గర్నుంచి తీసేసుకున్నదానికి మనమే డబ్బు కట్టడం మాత్రం ఇదే చూడటం. కోసిన ఆ రేకు పాత ఇనుప సామాన్లాయన బండెక్కుతుంది. ఆయన దాన్ని కిలోల లెక్కనే కొంటాడు. ఈ మొత్తం బేరంలో బరువు విలువ సరిగ్గా తెలిసినవాడు ఆయనొక్కడే.

ఆరు కిలోలన్న లెక్క అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. 2003లో బీఎండబ్ల్యూ వాళ్లు ఎం3 సీఎస్ఎల్ అనే కారుకు ఇలాంటి టాపే పెట్టారు. తర్వాత వచ్చిన ఎం3కీ పెట్టారు. వాళ్లకు మిగిలింది కూడా 5 నుంచి 7 కిలోలే. బరువు నెత్తి మీద తగ్గితే మలుపులో బండి తక్కువ ఊగుతుంది, రేసు ట్రాకు మీద ఆ తేడా తెలుస్తుంది. అయితే మా వాడు చూడని సంగతి ఒకటుంది. ఆ కారులో వాళ్లు తగ్గించింది మొత్తం 110 కిలోలు. వెనకద్దం పలచన చేశారు. డిక్కీ అడుగున అట్ట పరిచారు. రేడియో పీకేశారు. ఏసీ కూడా పీకేశారు, కావాలన్నవాళ్లకే పెట్టిచ్చారు. అలాంటివి 1,383 కార్లు చేసి ఆపేశారు.

“ఏసీ కూడా పీకిద్దామారా మరి?” అన్నాను. ఇది మే నెల. ఆదిలాబాద్‌లో, రామగుండంలో 45 డిగ్రీలు. వాడు నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు.

సరే, ఏసీ ఉంచుదాం. ఆరు కిలోల సంగతే చూద్దాం. వాడిది స్విఫ్ట్. ట్యాంకు 37 లీటర్లు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. బంకులో “ఫుల్ కొట్టు” అనకుండా ఎనిమిది లీటర్లు తక్కువ కొట్టించుకుంటే ఆరు కిలోలు అక్కడే తగ్గాయి. లక్షా ఇరవై వేలు తగ్గలేదు.

ఇంకా ముందుకు వెళ్లండి. నిజంగానే ముందుకు, బంపర్ దగ్గరికి. అక్కడ ఇనుప గొట్టాలతో చేయించిన గార్డు ఉంది. ఆంబోతు కొమ్ముల్లా ఉంటుంది. ఆ గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. మా వాడు తర్వాత పెట్టించాడు. నేను రెండు చేతులతో లేపి చూశాను. పక్కింటాయన సాయం పట్టాల్సి వచ్చింది. ఆ గార్డు ఉండాల్సిందేనట, “లుక్కు మామా.” నెత్తి మీద ఆరు కిలోలు తీసి, మూతికి పదిహేను కిలోలు కట్టుకుని తిరిగే బండి.

డిక్కీ తీయండి. సగం డిక్కీ స్పీకరు పెట్టె. మందపాటి చెక్క, లోపల అయస్కాంతం. దాన్ని దింపితే నడుం పట్టేసింది. పెట్టె వెనక ఏముంది? పోయిన శ్రావణంలో వేములవాడ పోయొచ్చినప్పటి చాప, నీళ్ల క్యాను, కొబ్బరికాయల సంచీ. సంచీలో ఇంకా రెండు కాయలున్నాయి, ఎండి లోపల గలగలమంటున్నాయి. కార్బన్ ఫైబర్ వాడే దేశాల్లో బరువు తగ్గించడమంటే ముందు డిక్కీ ఊడవడం అని ఎవరైనా వీడికి చెప్పాలి.

నా మాట నమ్మడు కాబట్టి కాంటా మాట నమ్ముతాడని వేబ్రిడ్జి దగ్గరికి తీసుకుపోయాను. కరీంనగర్ చుట్టూ కాంటాలకు కరువా? గ్రానైటు లారీలు ఎక్కే కాంటా అది. మా ముందు ఒక లారీ దిగింది, దాని మీద ఇంటి గదంత రాయి ఒక్కటే ఉంది. వెనకాల మా స్విఫ్టు ఎక్కింది. కాంటా పిలగాడు కిటికీలోంచి తొంగి చూసి, ఏం లోడు సార్ అనడిగాడు. లోడు లేదు, బండే తూకం వేయాలన్నాం. యాభై రూపాయలు తీసుకుని చీటీ కొట్టాడు. 1,040 కిలోలు.

“టాపు మార్చినంక మల్ల వస్తం, ఆరు కిలోలు తగ్గాలె” అన్నాడు మా వాడు.

పిలగాడు నవ్వలేదు, పాపం. ఓపిగ్గా చెప్పాడు: “అన్నా, మా కాంటా పది కిలోల లెక్కన చూపిస్తది. ఆరు కిలోలు గిండ్ల కనవడవు.”

చూశారా, లక్షా ఇరవై వేలు పెట్టి తగ్గించిన బరువును పట్టుకోవడం ఈ జిల్లా రాళ్లు తూచే కాంటా వల్ల కాదు. తేలికతనం మనకు తెలియనిదా? పక్కనే సిరిసిల్ల. చీరను అగ్గిపెట్టెలో మడిచి పెట్టిన చేతులు అవి. నల్లదనం తెలియనిదా? గోదావరిఖని పోయి రెండు రోజులు కారు ఆరుబయట పెట్టండి, సింగరేణి బొగ్గు దుమ్ము టాపు నిండా ఉచితంగా కార్బన్ పరుస్తుంది.

మిగతా చిక్కులు ఒక్కో ముక్కలో చెప్తాను. రాళ్లవాన పడితే ఇనుప రేకు సొట్ట పోతుంది, డెంటింగాయన లోపల్నుంచి తట్టి లేపుతాడు, లేకపోతే లప్పం పెడతాడు. కార్బన్ పలక పగిలితే తట్టడానికి ఏమీ ఉండదు. కొండగట్టులో బండి పూజకు ఆగితే కోతి దూకేది టాపు మీదికే, దానికి లక్షా ఇరవై అని తెలియదు. కార్బనూ ఇనుమూ తడిలో ఒకదానికొకటి తగిలితే తుప్పు పట్టేది ఇనుముకే. మూడు వేలకు గళ్ల స్టిక్కరు అంటించుకుని రెండో ఎండాకాలానికి అంచులు లేచిపోయిన బండిని తిప్పుకునేవాళ్లే నయం. వాళ్లు కనీసం కటింగ్ మిషన్ పట్టుకోలేదు.

నాకు మండేది ఆ మిషన్ దగ్గరే.

టాపంటే గొడుగు కాదురా. ఫ్యాక్టరీలో ఆ రేకును అద్దాల పక్క స్తంభాలకూ అడ్డపట్టీలకూ చుక్క చుక్క వెల్డింగ్ చేసి కడతారు. బండి పల్టీ కొడితే లోపలున్న తలల మీదికి నేల రాకుండా ఆపేది ఆ కట్టే. పక్క ఎయిర్‌బ్యాగులున్న కార్లకు అవి మడిచి పెట్టేది కూడా ఆ అంచులోనే. బీఎండబ్ల్యూవాడు కార్బన్ టాపును ఫ్యాక్టరీలోనే లెక్క వేసి పెట్టాడు. మన షాపులో ఏ లెక్క వేశారు? టేపుతో పొడుగూ వెడల్పూ కొలిచి, గ్రైండర్‌తో నిప్పురవ్వలు లేస్తుండగా కోసి, జిగురు రాసి, మీద ఇసుక బస్తాలు పెట్టి ఆరబెడతారట. నేను అడిగితే చెప్పారు, గర్వంగా చెప్పారు. ఆ కారులో వెనక సీట్లో కూర్చునేది మా అక్క. ఆమె పక్కన ఆరేళ్ల మనవరాలు.

బరువు గురించే మాట్లాడాలంటే మాట్లాడదాం. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాటు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అందులో వంద మంది దాకా ఉన్నారు. 60 మందికి పైగా చచ్చిపోయారు. చుట్టుపక్కల ఊళ్లలో ఒకే రోజు ఎన్ని పాడెలు లేచాయో ఈ జిల్లాలో నా వయసువాళ్లెవరూ మర్చిపోలేదు. ఎక్కువైన బరువు అంటే అది. ఉట్నూరు దిక్కు అంగడి రోజు పోయి చూడండి, జీపు లోపల చోటు లేక టాపు మీద కూర్చుని ఘాటు దిగే మనుషులు కనిపిస్తారు. వాళ్లకు టాపు అంటే సీటు. వానాకాలం వాగు పొంగితే అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోతుంది, కాన్పు మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాల మీద మోసుకొస్తారు. ఆ తోవల మీదుగా వెళ్లి కుంటాల జలపాతం దగ్గర ఆరు కిలోలు తగ్గిన బండితో రీలు తీసుకుంటారా? తీసుకోండి. నాకు మాత్రం చూపించొద్దు.

చట్టం సంగతి చెప్తే వాడు ఆవలించాడు, అయినా చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సువాడు ముందు చూసేది టాపునే. పైగా ఆర్సీ వీడి పేరున లేదు, మా అక్క పేరున ఉంది.

కోత మంగళవారం అన్నారు. సోమవారం రాత్రి అన్నానికొచ్చి మా వాడు కారు మా వాకిట్లో పెట్టి పడుకున్నాడు. తాళం నా దగ్గర ఉంది. పొద్దున అక్క ఫోన్ చేసింది, పిలగాడు అలిగిండు, ఇచ్చెయ్యరా అని.

ఇయ్య.